ఊరి క్యారెక్టరు

పక్కింటివాళ్లు వెనకవైపు గది పెంచుకుంటున్నారు. ఈ దేశంలో ఇల్లంటే ముందు కలపే. పునాది ఆరీ ఆరకముందే పైన్ చెక్కలు కోసి చట్రం నిలబెడతారు. పొద్దున వంటింటి కిటికీ తీస్తే, వానకు తడిసిన రంపపు పొట్టు వాసన లోపలికి వస్తుంది. కొంచెం జిగురు, కొంచెం నిమ్మతొక్క, కొంచెం ఆసుపత్రి. ఆ వాసనకు నా చేతిలో గరిటె ఆగిపోతుంది. నా మొదటి సొంత వాకిలికి ఆ వాసనే ఉండేది. ఆ వాకిలి నాకు తెరిపించింది ఎస్తేరు అక్క.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. చీర కట్టుకున్నా కాళ్లకు ఆసుపత్రి తెల్లబూట్లే. డెబ్బైలలో ఇక్కడి ఆసుపత్రులు మన నర్సులను పిలిపించుకున్న రోజుల్లో న్యూజెర్సీ వచ్చింది. భర్త పోయాక ఒక్కతే ఉండేది, ప్లెయిన్స్‌బరోకు కొంత దూరంలో మా ఊళ్లో చిన్న ఇల్లు కొనుక్కుని. ఆమె తల్లి బైబిలు స్త్రీగా పల్నాడు పల్లెలన్నీ కాలినడకన తిరిగిందట. పిలవని గుమ్మం ముందు నిలబడి రెండు మంచిమాటలు చెప్పడం, తిట్టించుకోవడం, మళ్లీ వారం అదే గుమ్మానికి వెళ్లడం ఆ తల్లి పని. "మా అమ్మ నాకు బంగారం పెట్టలేదు గానీ, బెదరకుండా నిలబడ్డం నేర్పింది" అనేది అక్క. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ సంఘంవాళ్లు వాళ్ల హాలు మాకు ఇచ్చేవారు. అక్కడ మేం తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్లం. స్త్రీల బైబిలు క్లాసు ఎస్తేరు అక్కది.

ఎనభైల మొదట్లో పెళ్లయి వచ్చిన నేను, నా భర్త ప్రసాదు, ఒక పాత ఇంటి మేడమీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. నాకు ఐదో నెల నడుస్తుండగా టౌన్‌షిప్‌వాళ్లు వచ్చి ఇంటాయనకు చెప్పారు, ఆ వీధిలో ఒక ఇంట్లో ఒక కుటుంబమే ఉండాలని, మమ్మల్ని ఖాళీ చేయించాలని. ఊరంతా వెతికాం. అద్దెకు ఇంకేమీ లేదు. లేకపోవడం దురదృష్టం కాదు, చట్టం. ప్రతి ఇంటికీ ఎకరాల చొప్పున స్థలం ఉండాలి, అపార్ట్‌మెంట్లు కట్టకూడదు అని రాసుకున్నారు. ఎకరాలు కొనలేనివాళ్లు ఆ ఊళ్లో పనిచేయవచ్చు, కాపురం చేయకూడదు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి రోడ్డు పక్కనున్న బంగాళదుంప పొలంలో అపార్ట్‌మెంట్లు కడతానని ఒక బిల్డరు అర్జీ పెట్టాడు. ప్లానింగ్ బోర్డు దాని మీద బహిరంగ విచారణ పెట్టింది. ఆ పొలంలో ఇళ్లు లేస్తే మేం ఆ ఊళ్లో ఉంటాం. లేకపోతే ప్రసాదు ఉద్యోగం, నా కాన్పు, మా సంఘం అన్నీ వదులుకుని ఎక్కడికో పోవాలి.

విచారణ రోజు సాయంత్రం టౌన్ హాలుకు మా సంఘం నుంచి ఒక వరస నిండా వెళ్లాం. మడత కుర్చీలు, మూలన జెండా, ఎదురుగా ఎత్తు బల్ల వెనక బోర్డు సభ్యులు. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మైకు దగ్గరికి వచ్చాడు. తనకు ఎవరి మీదా ద్వేషం లేదన్నాడు. కానీ అపార్ట్‌మెంట్లు వస్తే ఈ ఊరి క్యారెక్టరు పాడవుతుందని, ఎలాంటివాళ్లు వచ్చి పడతారో ఎవరికి తెలుసని అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఎస్తేరు అక్క నా వైపు వంగింది. "ఏమన్నాడే? క్యారెక్టరా?"

మన వైపు ఆ మాటకు ఒకటే అర్థం. ఆడదానికి క్యారెక్టరు లేదని ఎవరైనా అంటే, అన్నవాడి గడప ముందు ఇంటిల్లిపాదీ వెళ్లి నిలబడతారు. అది కాదక్కా అని నేను చెప్పబోయేలోగా అక్క లేచింది. తెల్లబూట్ల చప్పుడు మైకు దాకా వెళ్లి ఆగింది.

చెయ్యెత్తి ప్రమాణం చేయమన్నాడు చైర్మన్.

"ఒట్టు పెట్టనండీ. మా ప్రభువు వద్దన్నాడు. అవునంటే అవును, కాదంటే కాదు."

బోర్డు లాయరు చైర్మన్ చెవిలో ఏదో చెప్పాడు. "సరే మేడమ్, నిజం చెబుతానని మాటిస్తే చాలు. మీ టెస్టిమొనీ మొదలుపెట్టండి" అన్నాడు చైర్మన్.

టెస్టిమొనీ అంటే వాళ్ల లెక్కలో వాంగ్మూలం. మాకు సాక్ష్యం. సాక్ష్యం ఎలా చెప్పాలో ఎస్తేరు అక్కకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె బోర్డుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగింది. "ప్రైజ్ ది లార్డ్!" అంది. అలవాటు కొద్దీ మా వరసంతా "ప్రైజ్ ది లార్డ్!" అని బదులు పలికింది. చైర్మన్ సుత్తి ఎత్తాడు.

"నా పేరు ఎస్తేరు. మా క్యారెక్టరు ఏమిటని ఈ అన్నయ్య అడిగాడు కాబట్టి చెబుతాను. మీ అమ్మకు పక్షవాతం వస్తే ఒళ్లు తుడిచేది మేమే. మీ నాన్న మంచం పాడుచేసుకుంటే, ఆయన సిగ్గుపడకుండా పాటలు పాడుతూ దుప్పటి మార్చేది మేమే. నాతో పనిచేసే అమ్మాయిలు ఎక్కడెక్కడి నుంచో రెండు బస్సులు మారి వస్తారు. మా చేతులు మీ పక్కల మీదికి రావచ్చు. మా కాళ్లు మీ వీధిలోకి రాకూడదా?"

"మేడమ్, ఇది చర్చి కాదు. దయచేసి ఇటు తిరిగి మాట్లాడండి."

"తెలుసు సార్. చర్చి అయితే తలుపు తీసి ఉండేది."

ఎవరో నవ్వారు. నవ్వింది మావాళ్లు కాదు. అక్క "ఆమేన్" అని ముగించి వచ్చి కూర్చుంది.

కారులో నేను మెల్లగా చెప్పాను. "అక్కా, ఇక్కడ క్యారెక్టరంటే ఊరి తీరు. ఇళ్లు ఎలా ఉండాలి, చెట్లు ఎన్ని ఉండాలి, అదీ. మన నడవడి గురించి కాదు." ముందు సీట్లో డ్రైవ్ చేస్తున్న ప్రసాదు నవ్వాపుకోలేకపోయాడు.

రెడ్ లైటు దగ్గర కారు ఆగగానే అక్క నా వైపు తిరిగింది. "చెట్లు పోతాయని బాధైతే చెట్లు పోతాయనొచ్చుగా? ఎలాంటివాళ్లు వస్తారో అని ఎందుకన్నాడు? నేను తప్పు వినలేదే పిల్లా. నువ్వే మరీ ఇంగ్లిషులో విన్నావు."

ఆ మాటను నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. చదువుకున్నదాన్ని కాబట్టి మర్యాదైన మాటకు మర్యాదైన అర్థమే తీసుకోవడం నాకు అలవాటు. అక్క మాత్రం మాట వెనక మనిషిని వినేది.

మేడమీద గదులు ఖాళీ చేసే రోజు రాగానే ఎస్తేరు అక్క తన కారు తెచ్చి మా సామాను ఎక్కించింది. "మా బేస్‌మెంట్ ఉంది. ప్రభువు పశువుల పాకలో పుట్టాడు, నీ బిడ్డ హీటర్ పక్కన పుడితే ఏమైంది?" అంది. వారం తిరక్కముందే పొరుగువాళ్లెవరో చెప్పినట్టున్నారు, టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. యువకుడు, మొహమాటస్తుడు. ఒక ఇంట్లో ఉండేవాళ్లు బంధువులై ఉండాలని నిబంధన చెప్పి, "వీళ్లు మీకు రక్తసంబంధమా?" అని అడిగాడు.

"అవును సార్, రక్తసంబంధమే" అంది అక్క తడుముకోకుండా. అబద్ధమాడని మనిషి ఆడేసిందే అనుకున్నాను. అక్క ఊపిరి తీసుకుని, "యేసు రక్తం" అని పూర్తి చేసింది.

ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అతని మెడలో సన్నని సిలువ గొలుసు ఉంది. మా ఇద్దరినీ, నా పొట్టనూ చూశాడు. "మళ్లీ ఎవరైనా అడిగితే మొదటి ముక్క దగ్గరే ఆపండి మేడమ్" అని వెళ్లిపోయాడు. "ఆపను" అంది అక్క, అతను మెట్లు దిగుతుండగానే, వినపడేలా.

తలుపు తట్టినవాళ్లందరూ అమెరికన్లే అనుకోకండి. మా ఊళ్లో పెద్ద ఇల్లున్న ఒక తెలుగు డాక్టరుగారు స్వీట్లు పట్టుకుని వచ్చారు. "సిస్టర్, మీరు ఇల్లున్న మనిషి. అపార్ట్‌మెంట్స్ వస్తే వాల్యూ పడిపోతుంది. మనం ఇప్పుడిప్పుడే సెటిల్ అవుతున్నాం, ఇండియన్స్ గొడవ చేస్తారని పేరెందుకు మనకి?"

"టీ తాగండి డాక్టరుగారూ. ఈ దేశం వచ్చిన కొత్తలో మీరు ఎక్కడ దిగారు?"

"ఎడిసన్‌లో. అపార్ట్‌మెంట్‌లో."

"అది కట్టనిచ్చినవాళ్లు ఎవరో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"వాళ్లకూ మీరెవరో తెలీదు. అయినా కట్టనిచ్చారు." స్వీట్ల డబ్బా మూత పెట్టి ఆయన చేతికే తిరిగిచ్చింది. "పిల్లలకు పెట్టండి."

బోర్డు ఆ అర్జీని కొట్టేసింది. ఆ రోజు నేను బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అక్క యూనిఫాంలోనే వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ బోర్డును వేసిందెవరు?" అని మెట్ల కింద నిలబడ్డ ప్రసాదును అడిగింది.

"టౌన్‌షిప్ కమిటీ."

"కమిటీని వేసిందెవరు?"

"ఓటర్లు అక్కా. నవంబరులో ఎలక్షన్."

"మరింకేం, వాళ్ల దగ్గరికే పోదాం."

ప్రెసిడెంటు ఎవరవుతారో అని మనవాళ్లు విందుల్లో గంటలు గంటలు వాదించుకునేవారు. మన బిడ్డ ఏ వీధిలో పుట్టాలో తేల్చేది మాత్రం ఆ మడత కుర్చీల గది. అందులో కూర్చునేవాళ్ల పేర్లు కూడా మాకు తెలియవు. ఆ గదిని మార్చవచ్చని నాకు తట్టనే లేదు. అక్కకు తట్టింది, ఎందుకంటే బైబిలు వాక్యాన్ని ఆమె కథలా చదవలేదు. ఆ వారం బైబిలు క్లాసులో ఐదుగురు అక్కచెల్లెళ్ల సంగతి తీసింది. తండ్రి పోయి, అన్నదమ్ములు లేక, ప్రవక్త ఎదుట, పెద్దలందరి ఎదుట, గుడారం ద్వారం దగ్గర నిలబడి మా భూమి మాకివ్వమన్న ఆడపిల్లలు. "వాళ్లు ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకున్నారని రాసుందా? ద్వారం దగ్గర నిలబడ్డారని రాసుంది. దేవుడు వాళ్లది న్యాయం అన్నాడు. చట్టం మారింది." సంఘానికి రాజకీయాలెందుకని మా పాస్టరయ్యగారు వెనకాడితే, "ప్రార్థన మోకాళ్ల మీద మొదలవుతుంది అయ్యగారూ, అక్కడే కూలబడితే ఎట్లా?" అంది.

పొలం మీది నిబంధన మార్చాలని చెప్పే ఒక రిటైరైన టీచరమ్మ కమిటీకి పోటీ చేసింది. ఆమె తరఫున ఎస్తేరు అక్క గుమ్మం గుమ్మం తిరిగింది. నిండు నెలల్లోనూ కొన్ని వీధులు నేను వెంట వెళ్లాను. కొందరు తలుపు తీయలేదు, కొందరు మొహం మీదే వేశారు. మళ్లీ వారం మళ్లీ అదే తలుపు. అక్క తన వాకిట్లో పాతిన ఎన్నికల బోర్డును ఎవరో పీకేసేవారు. డ్యూటీకి వెళ్తూ మళ్లీ పాతేది. ఒక ఇంట్లో తలుపు వేయబోయిన ఆవిడ ఆగి, ఆ బూట్లు చూసి, "మా నాన్న దగ్గర పాటలు పాడిన నర్సు మీరే కదూ?" అంది. అక్క అవునంది. ఆవిడ గడపలో నిలబడే ఏడ్చింది. ఎవరికి ఓటేసిందో మాకు తెలియదు. టీచరమ్మ మాత్రం గెలిచింది, చాలా స్వల్పంగా. ఆమెతో కమిటీలో మొగ్గు మారింది. నిబంధన సవరించారు. బిల్డరు అడిగినన్ని కాకపోయినా ఇళ్లు లేచాయి. బేస్‌మెంట్‌కు తెచ్చిన మా పసిపాప, ఆ అపార్ట్‌మెంట్‌లోకి తన కాళ్ల మీద నడిచి వెళ్లింది.

గృహప్రతిష్ఠ ప్రార్థన ఎస్తేరు అక్క చేయాలని పట్టుబట్టాను. సంఘమంతా ఆ చిన్న హాల్లో ఇరుక్కుని నిలబడ్డాం. ఆశీర్వాదాలు, ఆయురారోగ్యాలు అడుగుతుందని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, నువ్వు తీసిన తలుపు ఇది. ఈ పిల్లలు స్థిరపడతారు, రేపు పెద్ద ఇల్లు కొంటారు. ఆ రోజు వీళ్ల తర్వాత వచ్చేవాళ్ల ముఖాన వీళ్లు తలుపు వేస్తే, ఈ ఇల్లూ ఆ ఇల్లూ వీళ్ల దగ్గర నుంచి తీసేసుకో."

ఆమేన్ రాలేదు. ఎవరో దగ్గారు. ప్రసాదు మోచేయి నాకు తగిలింది. గృహప్రవేశం నాడు ఇదేం ప్రార్థన అని నాకూ కోపం వచ్చింది. అక్క కళ్లు తెరవలేదు. చేతులు చాచి, అలాగే ఎదురుచూస్తూ నిలబడింది. పాప నా చంకలో కదిలింది. చివరికి నేను అన్నాను, "ఆమేన్." తర్వాత ప్రసాదు అన్నాడు. తర్వాత అందరూ.

ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లి చాలా కాలమైంది. ఆమె అన్నట్టే మేం పెద్ద ఇల్లు కొన్నాం. మా చుట్టుపక్కల ఎక్కడ అపార్ట్‌మెంట్లన్నా, వృద్ధాశ్రమమన్నా, ఇంకొకరి గుడి అన్నా, వద్దని చెప్పడానికి రమ్మంటూ మనవాళ్లే నా తలుపు తడతారు. "ఆంటీ, మీరు సీనియర్స్, మీరొస్తే వెయిట్ ఉంటుంది" అంటారు. వస్తానంటాను. వెళ్తాను. ఒట్టు పెట్టనని చెప్పి, వాళ్లందరి వైపు తిరిగి, కట్టనివ్వండి అంటాను. కొందరు ఇప్పుడు నాతో మాట్లాడరు. మాట్లాడకపోనీ. ఒక ఇంటి మధ్యలో నిలబడి, దేవుడి ఎదుట నేనొక ఆమేన్ అన్నాను. దాన్ని వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.