దూది తెల్లగానే ఉంది

మన దవాఖాన పెద్ద నర్సమ్మ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. కబురు తెచ్చిన ఆయా మా బడి గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది. మెదక్‌లో ఆమె చేతి సూది ఎరుగని ఇల్లు తక్కువ. నాకు మాత్రం ఆమె చూపే గుర్తుకొస్తోంది.

కొన్నేళ్ల కిందట బడిలో పిల్లల శుభ్రత చూడటం నా పని. తొమ్మిదో తరగతిలో బొద్దుగా ఒక అమ్మాయి ఉండేది, బట్టల వ్యాపారి కూతురు. ఆమె మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉండేది. మూడుసార్లు చెప్పినా తీరు మారలేదని, ఒకరోజు అందరి ముందూ "మెడ కడుక్కోవడం కూడా రాదా?" అని బయట నిలబెట్టాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

ఆ వారమే నర్సమ్మ కలరా సూదులు వేయడానికి వచ్చారు. హాజరు పట్టీలో ఆ పేరు దగ్గర ఆగి, ఎందుకు రాలేదని అడిగారు. జరిగింది చెప్పాను. పని ముగించి పెట్టె మూశాక, "నడువుండ్రి పంతులమ్మా, పోయి చూసొద్దాం" అన్నారు.

వాళ్లింట్లో తల్లి పిల్లను వెనక్కి తిప్పి చూపించింది. మెడ మధ్యలో తోలు లేచి ఎర్రగా ఉంది.

"రోజు ఇటుకపెళ్లతోని రుద్దుతున్న నర్సమ్మా. ఎంత రుద్దినా పోతలేదు."

నర్సమ్మ పిల్ల పక్కన కూర్చుని, పుండు లేని చోట తడి దూదితో మెల్లగా తుడిచారు. ఆ దూదిని మాకు చూపించారు. తెల్లగానే ఉంది.

"మురికైతే దూదికి అంటుతది. ఇది మురికి కాదు. ఇగ రుద్దకుండ్రి" అన్నారు. పిల్ల వైపు తిరిగి, "నీ తప్పేం లేదు బిడ్డా" అన్నారు. అప్పటిదాకా తల వంచుకున్న పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు దవాఖానకు పిలిపించి, ఆ పిల్ల మూత్రాన్ని, షుగరుంటే రంగు మారే నీలిరంగు మందులో కలిపి కాచారు. నీలం ఆకుపచ్చకు తిరిగింది. షుగరు మొదలవుతోందని డాక్టరు చెప్పారు.

"బొద్దుగుంటే బలమనుకున్నం" అని తండ్రి గొణిగాడు.

మీకెలా తెలిసిందని తర్వాత నర్సమ్మను అడిగాను.

"ఇరవై ఏండ్ల సంది రోగుల ఒళ్లు తుడుస్తున్న. షుగరుతోని వచ్చే లావుపాటోళ్లల్ల శానమంది మెడలు గిట్లనే ఉంటయి. ఒళ్లు ముందుగాలనే చెప్తది పంతులమ్మా. మనం తిట్టి ఊకుంటం."

మనిషిని అంత దగ్గరగా చూడటం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

నర్సమ్మ ఆ పిల్ల తిండి మార్పించి, రోజూ తండ్రి వెంట నడిపించి, నెలనెలా పరీక్ష చేశారు. ఏడాది తిరిగేసరికి మందు రంగు మారకుండా నీలంగానే నిలిచింది. మెడ నలుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ అమ్మాయి బడికి తిరిగొచ్చిన రోజే తరగతి ముందు నిలబడి, అది మురికి కాదని, ఒళ్లు చేసే హెచ్చరికని చెప్పి, ఆమెను క్షమించమని అడిగాను. అలా అడగమని నర్సమ్మ ఎన్నడూ అనలేదు.

మరుసటేడు నర్సమ్మ మళ్లీ సూదులు వేయడానికి వచ్చినప్పుడు, వేయించుకున్న పిల్లలు వెళ్లిపోలేదు. తమంతట తామే వెనక్కి తిరిగి, జడలు పైకెత్తి వరుసగా నిలుచున్నారు. మొదట నిలబడింది ఆ అమ్మాయే. నర్సమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని, ఒక్కో మెడ దగ్గరా వంగి, తీరిగ్గా చూస్తూ పోయారు.