మూడు పాళ్ళు కాలువ, ఒక పాలు బోరు

మా డెల్టాలో ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, నీళ్ళు రావు. అంతకు ముందే ఇంటికి సరిపడా కాలువ నీళ్ళు పెరట్లో పెద్ద తొట్టికి పట్టి ఉంచుతాను. రోజుకి ఎన్ని బిందెలు తీశానో, ఇంకా ఎన్నాళ్ళు వస్తాయో పుస్తకంలో రాసుకోవడం అలవాటు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. కిందటేడు కాలువ కట్టిన పదకొండో రోజున కూడి చూస్తే నీళ్ళు చాలవని తేలింది. మూడు బిందెల కాలువ నీళ్ళకి ఒక బిందె బోరు నీళ్ళు చొప్పున వంటింటి పక్క చిన్న తొట్టిలో కలపడం మొదలుపెట్టాను.

కాకినాడలో ఉద్యోగం చేసే నా మేనకోడలు పెన్నులాంటి మీటరొకటి ఇచ్చింది. ముంచితే నీళ్ళలో ఉప్పెంతో చెబుతుంది. కాలువ నీళ్ళు నూట అరవై, బోరు పన్నెండు వందలు. మూడు నూట అరవైలకి పన్నెండు వందలు కలిపి నాలుగుతో భాగిస్తే నాలుగు వందల ఇరవై. కలిపాక మీటరు చూపించింది నాలుగు వందల పద్దెనిమిది. చాలా పొంగిపోయాను.

మర్నాడు పొద్దున తొట్టి అడుగున ఎర్రటి మడ్డి. రెండు రకాల నీళ్ళూ విడిగా గాజు గ్లాసుల్లో పట్టి చూస్తే తేటగానే ఉన్నాయి. లెక్కా సరిపోయింది. ఇక మిగిలింది తొట్టి తోమిన మనిషి. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడ చేత మూడు రోజుల్లో మూడుసార్లు తోమించాను. మూడోసారీ మడ్డి దిగేసరికి, పక్కింటివాళ్ళు వింటుండగా అన్నాను: "నా లెక్క తప్పలేదు. నువ్వే సరిగ్గా తోమట్లేదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "లెక్క మీరు బాగానే చేశారండి. తొట్టి నేనూ బాగానే తోమానండి. రెండూ నిజవే అవకూడదేంటండి టీచరమ్మగారూ?"

నాకది ఎదురు మాటలా తోచింది. ఇక రావద్దన్నాను. ఆవిడ పనిచేసే మరో రెండిళ్ళవాళ్ళు ఎందుకు మాన్పించారని అడిగితే, శుభ్రం లేదని చెప్పాను. టీచరు మాట కదా, నమ్మి వాళ్ళూ మాన్పించారు.

వారం తరవాత మేనకోడలు వచ్చింది. నేల లోపల నీళ్ళు కదులుతూ, కలుస్తూ ఉంటే వాటి గుణం ఎలా మారుతుందో కంప్యూటరులో లెక్కగట్టడం దాని పని. నా పుస్తకం చూసి, "ఉప్పుకి మీ లెక్క చాలు అత్తయ్యా, ఇనుముకి చాలదు. సగం చేసి ఆపేశారు" అంది.

గాలి తగలని బోరు నీళ్ళలో ఇనుము కంటికి కనపడకుండా కరిగి ఉంటుందట. కాలువ నీళ్ళలో గాలి కలిసి ఉంటుంది. రెండూ కలిస్తే ఇనుము తుప్పులా మారి అడుగుకి దిగుతుంది. దాని ఆఫీసులో కంప్యూటరు మీద నేలని గళ్ళుగా విడగొట్టి, ఒక గడి నీళ్ళు పక్క గడిలోకి వచ్చినప్పుడల్లా ముందు నాలాగే పాళ్ళు వేసి కలుపుతారట. అక్కడితో ఆగరు. కలిసిన నీళ్ళలో ఏది కరిగి ఉంటుందో, ఏది దిగిపోతుందో మళ్ళీ మొదటి నుంచీ లెక్క వేస్తారు. ఆ తరవాతే పక్క గడికి పంపుతారు.

పిల్లలు లెక్క సగంలో ఆపితే సున్నా వేసినదాన్ని. తల ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే బయల్దేరాను. మొదటి ఇంట్లో తప్పు నాదని చెబితే, అయితే రేపటి నుంచి రమ్మనండి అన్నారు. రెండో ఇంట్లో అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. చివరికి ఆవిడ గుమ్మం ముందు నిలబడి అంతా చెప్పాను. ఇనుము సంగతి కూడా చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, "రెండూ నిజవేనని నేను ఆ రోజే చెప్పాగదండి" అంది.

మా ఇంటికి మళ్ళీ రమ్మని అడిగాను. ఆ మొదటి ఇంటికి మాత్రం వెళ్తానంది.

ఈ ఏడూ కాలువ కట్టాక అలాగే కలుపుతున్నాను, తొట్టి నేనే తోముకుంటున్నాను. మడ్డి దిగుతూనే ఉంది.