కమాన్ పట్టీ కత్తి

కత్తికి ఏ స్టీలు మంచిదో తేల్చుకోవడానికి ఎనిమిది నెలలు ఎక్సెల్ షీటు నడిపాను. నవ్వండి, పర్వాలేదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నవాడికి తమ్ముడి పెళ్ళిసంబంధమైనా, వాషింగ్ మెషీనైనా షీటులో పెడితే తప్ప నమ్మకం కుదరదు.

కాలేజీ నాటి స్నేహితుడొకడు ఏటా నాలుగుసార్లు నల్లమల వైపు నడకకు వెళ్తాడు. "నాతోని వస్తవా? నాలుగు దినాలు. ఆడ ఫోన్ పన్జెయ్యది. మంచి కత్తి తెచ్చుకో, ఎండుకట్టెలు కొట్టాలె, వెదురు చీరాలె" అన్నాడు. ఫోన్ పనిచేయదన్న మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది. నల్లగండ్ల నుంచి కారులో, అద్దాల గదిలో పది గంటలు, మళ్ళీ కారులో. ఊపిరాడటం లేదు. ఆ నాలుగు రోజులు నాకు కావాలి.

షీటు మొదలైంది. గట్టి స్టీలు పదును చాలాకాలం నిలుపుకుంటుంది గానీ కట్టెలో ముడి తగిలితే అంచు పెచ్చులూడుతుంది. మెత్తనిది విరగదు, త్వరగా మొద్దుబారుతుంది. స్టెయిన్‌లెస్‌కు తుప్పు భయం తక్కువ. కార్బన్ స్టీలునైతే ఏ రాయి మీదైనా నూరుకోవచ్చు. ఒక్కో గుణానికి మార్కులు వేశాను, వారం వారం మార్చాను. ఈలోగా వాడు రెండుసార్లు వెళ్ళొచ్చాడు.

"ఏంది రా, స్టీలు ఇంక తేలలేదా?"

"తేలలేదురా."

అబద్ధం. మొదటి నెలలోనే తేలిపోయింది. మేనేజర్ని సెలవు అడగడానికే భయం.

చివరికి వాడే విసిగి నన్ను లింగంపల్లి అవతల ఒక కమ్మరి దగ్గరికి లాక్కెళ్ళాడు. ఫోన్‌లో షీటు చూపించబోతే ఆ పెద్దాయన చూడనే లేదు.

"ఇంతకుముందు ఏం కత్తి వాడిన్రు సార్?"

"ఏదీ వాడలేదండి."

ఆయన లేచి కొలిమి రాజేశాడు. పాత లారీ కింద స్ప్రింగుగా ఉండే కమాన్ పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, కత్తిగా సాగగొట్టి, నూనెలో ముంచాడు. పెళుసుదనం పోవడానికి మళ్ళీ కాస్త వేడి చేశాడు. నూరాక చింత మొద్దు మీద ఇరవై దెబ్బలు వేసి నా చేతికిచ్చాడు. అంచు ఎక్కడా పెచ్చూడలేదు. "లారీని మోసిన ఇనుము సార్, ఫికర్ చెయ్యకున్రి. తుప్పే జర జూస్కోన్రి, ముట్టుకున్నంక తుడిచి నూనె రాయాలె."

ఇక సాకు లేదు. "శుక్రవారం పోతున్న. ఈసారి రాకపోతే మల్ల అడగ" అన్నాడు స్నేహితుడు. సెలవు కోసం మెయిలు రాశాను. "రిలీజు ఉంది కదా, చూద్దాం" అన్నాడు మేనేజరు. సరే సార్ అన్నాను. కుదరదంటే పోట్లాడేవాణ్ణేమో. శుక్రవారం పొద్దున రాలేనని మెసేజ్ పెడితే వాడు ఒక్కడే వెళ్ళాడు. ఆ తర్వాత నిజంగానే అడగలేదు.

మొన్న ఆదివారం బీరువాలోంచి కత్తి తీశాను. "ఏవండీ, కొబ్బరికాయ కొట్టడానికైనా ఇవ్వచ్చుగా" అంది మా ఆవిడ. గుడ్డ విప్పితే అంచు కమ్మరి ఇచ్చినప్పటిలాగే ఉంది. పక్కన మాత్రం చిన్న తుప్పు మచ్చ, ఆ మచ్చలో సన్నటి గీతలు. నా బొటనవేలి ముద్ర. అప్పుడప్పుడు తీసి, ఓసారి నిమిరి, మళ్ళీ చుట్టి పెట్టేవాణ్ణి. ఆ కత్తికి నేను పెట్టిన పని అంతే. సిగ్గేసింది.

సోమవారం పొద్దున ఆఫీసు గేటు దగ్గర హాజరు యంత్రం మీద అదే వేలు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. లోపలికి వెళ్ళాను.