నేనేమీ మర్చిపోలేదు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయలేక చెప్పడం లేదు. ఇంకో ఏడేళ్లయినా మోయగలను. నాకు తగని జాలి మీద బతకడం ఇక చేతగాక చెబుతున్నాను. అరవై దాటాక సండేస్కూలు పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. నా రాత మొరటుగానే ఉంటుంది. సర్దుకోండి.

అప్పట్లో మేం గ్లాస్గోలో ఉండేవాళ్లం. నా కొడుకు, కోడలు సువార్త, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు, నేను. విడాకులు కావాలన్నది నా కొడుకే. సువార్త నర్సు. వాడు పరీక్షలు రాస్తూ ఇంట్లో కూర్చున్న నాలుగేళ్లూ ఇంటి వాయిదాలు కట్టింది ఆమె జీతమే. ఇల్లు కొన్నప్పుడు మొదట కట్టిన సొమ్ము మాత్రం నాది. తెనాలి దగ్గర పొలం అమ్మి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు వాణ్ని వంటింట్లోకి పిలిచి, ఇది నీ ఒక్కడికేరా, కోడలితో అనకు అన్నాను. అవును, అన్నాను. ఆ బుద్ధీ నాదే.

స్కాట్లండ్ చట్టంలో పెళ్లయ్యాక కూడబెట్టుకున్నది మామూలుగా ఇద్దరికీ సమానంగా పంచుతారట. తల్లి తనకొక్కడికే ఇచ్చిన సొమ్ము అందులో కలిసిందని రుజువైతే, వాడు ఎక్కువ వాటా అడగొచ్చట. లాయరు ఆ మాట అనగానే మావాడు నన్ను సాక్షిగా పెట్టాడు. వాడికి సగానికి మించి ఇవ్వాల్సి వస్తే సువార్త ఆ ఇల్లు నిలుపుకోలేదు. పిల్లల్ని తీసుకుని అద్దె గది వెతుక్కోవాలి. ఇదంతా నాకు తెలుసు.

కోర్టులో కుడిచెయ్యి ఎత్తి దేవుడి పేరున ప్రమాణం చేశాను. అక్కడ జడ్జిని షెరీఫ్ అంటారు. ఆయన ఎదుట దుబాసీ అమ్మాయి అడిగింది, ఆ సొమ్ము ఎవరికిచ్చారని. ఇద్దరికీ ఇచ్చానన్నాను. గొంతు తడబడలేదు.

బయట మెట్ల మీద మావాడు వానలో నిలబడిపోయాడు. కోప్పడితే నిజం వాడి మొహానే చెప్పేసేదాన్నేమో. వాడు కోప్పడలేదు.

"నా ఒక్కడికే అన్నావు గదమ్మా ఆ రోజు. మర్చిపోయావా?"

"ఏమోరా."

"పోన్లే. పెద్దదానివైపోయావు. నిన్ను ఇక్కడిదాకా లాక్కురావడం నాదే తప్పు."

ఏమోరా. ప్రమాణం చేసి ఆడిన అబద్ధం నన్ను ఈ ఒక్క మాట తిన్నంతగా తినలేదు.

సువార్త వాడి సగం వాడికిచ్చి ఇల్లు నిలుపుకుంది. నేను కావాలని అలా చెప్పానని ఆమెకు ఇప్పటికీ తెలీదు. వాడికి ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో ఉద్యోగం వచ్చింది. నన్నూ వెంట తెచ్చుకున్నాడు. వంటింట్లో, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమరా తలుపుల మీద ఉప్పు, పప్పు, కప్పులు అని పెద్దక్షరాలతో రాసి అంటించాడు. అమ్మకు జ్ఞాపకం పోతోందని చర్చిలో చెప్పి నా కోసం ప్రార్థన చేయించాడు. ఆఖరికి ఇక్కడ జీపీ అనే మామూలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరమ్మ మతి ఎలా ఉందో చూడ్డానికి గడియారం బొమ్మ గీయమంది. గీయలేనా? సరిగ్గా గీస్తే దొరికిపోతాను. మూడు ఉండాల్సిన చోట ఎనిమిది వేశాను. ఆవిడ ఇక్కడివాళ్ల పద్ధతిలో గ్రాండ్, గ్రాండ్, పర్లేదులే అంటూ భుజం తట్టింది. కారెక్కాక మావాడు స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. నేను పక్కనే సీటుబెల్టు పెట్టుకుని కూర్చున్నాను. ఏం మనిషిని నేను?

అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను కూడబలుక్కుని చదివినదాన్నే. అయినా ఆ షెరీఫ్ ఎదుట మళ్లీ నిలబెడితే మళ్లీ అదే చెబుతాను. సువార్త నాలుగేళ్లు ఆ సంసారాన్ని ఎలా ఈడ్చిందో ఆ ఇంట్లో చూసినదాన్ని నేనొక్కదాన్నే. దానికి ఎవరినీ క్షమాపణ అడగను. మరి ఆ కారులో ఏడ్చినవాడికి ఏం చెప్పాలి? అక్కడ నా పొగరు పనిచేయడం లేదు.

రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది. ఇది వాడి కంటపడితే పడనీ. తిడితే తిట్టనీ. బుర్ర సరిగ్గా ఉన్న మనిషిని తిట్టినట్టు తిట్టనీ.