వెచ్చటి పలక, చల్లటి చెయ్యి

ఇది మా అమ్మ గుండె గురించిన మహాకావ్యం. ఇందులో కొండలున్నాయి, సుదీర్ఘ ప్రయాణముంది, మృత్యువుతో యుద్ధముంది. నిజం చెప్పాలంటే కొండలు అంబులెన్సు కిటికీలోంచి కనబడ్డాయి, యుద్ధం చేసిన డాక్టరుగారికి జలుబు. కాబట్టి మామూలుగానే చెబుతాను.

మాది మార్కాపురం. అమ్మ పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడి ఆడవాళ్ళందరికీ వీపు నొప్పి, అందరికీ ఒకటే మందు: పలకను పొయ్యి మీద వేడిచేసి, పాత చీర ముక్కలో చుట్టి వీపుకు ఆనించడం. నొప్పి తెచ్చిన రాయే దాన్ని తీసుకుపోతుందని నమ్మకం.

అమ్మకు జబ్బు చెయ్యడానికి ముందు ఏడాది నాయనకు ఛాతీలో పట్టేసింది. ఆదివారం, చర్చి నుంచి వచ్చి మాంసం కూర తిన్నాక. వీధి మొత్తం లేచింది. ఆటో వచ్చింది, పాస్టరుగారు వచ్చారు, ఒంగోలు తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించాం. గ్యాస్ అని తేలింది. నాయన మాత్రం ఊరు గెలిచొచ్చినవాడిలా ఆటో దిగాడు.

అమ్మ వంతు ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. కరెంటు లేదు. కిటికీ వెలుతురులో సన్నటి పలక పొడి తేలుతోంది. ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నెమ్మదిగా ఊగుతోంది. బియ్యం కడుగుతున్న అమ్మ ఆగిపోయింది.

"వీపులో గుడ్డ చించినట్టయింది," అంది, పక్కింటివాళ్ళ చీర గురించి చెబుతున్నట్టు.

పక్కింట్లో ఉండే మేనత్తదీ అదే ఫ్యాక్టరీ. వచ్చి, పలక వేడిచేసి అమ్మ వీపుకు ఆనించింది.

"ఆస్పత్రికి పోదామా?" అన్నాను.

"పలకల నొప్పికి ఆస్పత్రేందిరా. మీ నాయనకు అన్నం పెట్టాల," అంది అమ్మ.

"నాకప్పుడు గ్యాసే అన్న్యారు గదా. నీకూ అదే అయ్యుంటాది. సోడా తెస్తా," అన్నాడు నాయన.

"నువ్వు అప్పుడు సోడా తాగి ఊరుకున్న్యావా, ఒంగోలు పోయినావా?" అంది అత్త.

నాయన చెప్పులు వెతుక్కుని సోడాకు బయల్దేరాడు.

నేను మంచినీళ్ళిచ్చాను. అమ్మ ఎడమ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది, తర్వాత కుడిచెయ్యి పట్టుకుంది, మళ్ళీ ఎడమదే పట్టుకుంది.

"వీపు మీద ఇంత వేడి పెట్టినా ఈ చెయ్యేంది వదినా ఇట్ల చల్లబడింది? లెయ్యి, పోదాం."

"బియ్యం నానిపోతాయి," అంది అమ్మ.

"నాననీ."

మా ఊరి ఆస్పత్రిలో నర్సు రెండు చేతులకూ బీపీ చూసి, మిషను పాడైందనుకుని ఇంకొకటి తెచ్చింది. అదీ అదే చెప్పింది: రెండు చేతులు ఇద్దరు మనుషులవన్నట్టు. స్కానింగులో తేలింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు దూరుతోంది. మాకు తేలిగ్గానే అర్థమైంది. మా ఊళ్ళో రాయి చీలేది కూడా పొరలు పొరలుగానే.

ఆపరేషనుకు గుంటూరు తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు దారిలో కొండలు మబ్బుల్లా కదిలాయి. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఏది వెచ్చగా ఉందో మాటిమాటికీ మర్చిపోతున్నాను.

ఆపరేషనుకు ముందు డాక్టరుగారు చెప్పారు: "మగవాళ్ళు ఛాతీ పట్టుకుని వెంటనే వస్తారు. ఆడవాళ్ళు వీపు నొప్పిలే అనుకుని ఆలస్యం చేస్తారు. ఇదే జబ్బుతో వచ్చిన ఆడవాళ్ళు ఎక్కువమంది దక్కకపోవడానికి అదొక కారణం. మీరు ఇంకొంచెం ఆగుంటే..."

తుమ్మారు. మిగతాది మాకు అక్కర్లేకపోయింది.

నాయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. చేతిలో మార్కాపురంలో అమ్మకని కొన్న సోడా, మూత తియ్యకుండా. ఈసారి వీధి లేవలేదు. లేవడానికి మేమెవరికీ చెప్పలేదు.

కళ్ళు తెరిచాక అమ్మ అత్తను అడిగిన మొదటి మాట, "బియ్యం ఏం చేసినారు?"

"పులిసినాయి," అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు రోజూ పొద్దున ఇంట్లోనే, కొత్తగా కొన్న మిషనుతో అమ్మ రెండు చేతులకూ బీపీ చూస్తాను. నాయన కూడా వచ్చి, అడగకుండానే చెయ్యి చాపుతాడు. ఆ మిషనుకు పెన్సిల్ సెల్లులు కావాలి. మిషను డబ్బాలో రావు, విడిగా కొనుక్కోవాలి.