కాల్ ఎవరు కట్ చేశారో చూపించిన అక్క

పోయిన మంగళవారం పొద్దున డ్యూటీకి పోతుంటే ఫోన్ వచ్చింది. అక్క చనిపోయింది. ఏండ్ల తరబడి కిడ్నీల జబ్బుతో ఇంటికీ దవాఖానకూ తిరుగుతూనే ఉంది. అయినా ఆ మాట వినగానే రోడ్డు పక్కన ఆగిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు మా పాత మేనేజర్ మీద కోపం వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పగల మాట ఎత్తకూడదంటారు. ఆ పగ లేకుండా రాస్తే అది అక్క కథ కాదు.

ఆమె నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో నేను పనిచేసిన కాల్ సెంటర్‌లో టీమ్ లీడర్. వంటగ్యాస్ ఏజెన్సీకి వచ్చే ఫోన్లు మేం ఎత్తేవాళ్లం. చేరిన రోజు హెడ్‌సెట్‌ను తన చేతిరుమాలుతో తుడిచి నా నెత్తిన పెట్టింది.

"ఫోన్ సక్కగ నీకు రాదు పిల్లా. ముందు మిషన్‌కు పోతది. ఒకటి నొక్కితే గ్యాస్ లీకు, రెండు నొక్కితే బుకింగు. మిషన్ ఆ కాల్‌ను వరుసల నిలబెట్టి, ఎవరు ఖాళీగున్నరో చూసి వాళ్లకు పంపుతది. ఎప్పుడొచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎవరికి మోగింది, ఎవరు కట్ చేసిండ్రు, అన్నీ రాసుకుంటది. నువ్వు భయపడకు, తప్పు నీది కాకుంటే అది చెప్తది."

అక్క వాళ్ల నాయిన, మనుషులను బొగ్గుబాయిలోకి దింపే లిఫ్టు దగ్గర బెల్లు కొట్టేవాడట. ఒక్క బెల్లు తప్పు కొడితే పానాలు పోతాయని ఇంట్లో రోజూ అదే మాట. అందుకేనేమో, లీకు కాల్ మోగితే అక్క తింటున్న బాక్సు పక్కకు నెట్టి వచ్చి మా వెనక నిలబడేది.

ఒక పొద్దున కార్మికుల కాలనీలో ఒకామె వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందని మాకు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆ సిలిండర్ అంటుకొని ఆమె రెండు చేతులూ కాలిపోయాయి. మర్నాడు మా మేనేజర్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. కాల్ కట్ చేసింది నేనేనని, తప్పు ఒప్పుకుంటున్నానని అందులో ఉంది.

"సంతకం పెట్టు, ఇంతటితో అయిపోతది" అన్నాడు.

నేను పెన్ను అందుకున్నాను. అక్క ఆ కాగితం లాక్కుంది.

"ఆ కాల్ రిపోర్టు తియ్యి సార్. పై పై లెక్క కాదు, మొదటి నుంచి ఏమైందో మొత్తం."

"నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో."

"ఇదే నా పని."

అతను తియ్యలేదు. అక్కే తన కంప్యూటర్‌లో తీసి ప్రింటు కొట్టింది. ఆ కాల్ నా సీటుకు రానే లేదు. రెండు నిమిషాలు వరుసలో ఆగింది, తర్వాత మిషనే కట్ చేసింది. ఎక్కువసేపు ఆగే కాల్స్‌ను అట్లా తెగ్గొట్టి, ఫోన్ చేసినవాళ్లే పెట్టేసినట్టు లెక్కలో చూపించమని సెట్టింగు మార్చింది మేనేజరే. పైవాళ్లకు పోయే రిపోర్టు బాగుండాలని.

ఆ వారమే అక్కను ఉద్యోగంలోంచి తీసేశారు. పోతూ పోతూ నాతో ఒకటే అంది: "వాణ్ణి ఇడువను."

విడువలేదు. చేతులు కాలినామెను వెంటబెట్టుకొని వినియోగదారుల కోర్టుకు మూడేండ్లు తిరిగింది. డయాలసిస్ అయిన మర్నాడు కూడా బస్సెక్కింది. "మాఫ్ చెయ్యరాదే, పానం బాగలేదు" అని అక్క భర్త, మా బావ బతిమాలితే, "పానం ఉన్నన్ని రోజులన్న పనికి రానియ్యి" అనేది. చివరికి ఒకరోజు కోర్టులో ఆ ప్రింటును మేనేజర్ చేతికిచ్చి చదవమన్నారు. గొణుగుతున్నాడు. అక్క లేచి నిలబడింది.

"గట్టిగ సదువు సార్. గామెకు ఇనబడాలె."

చదివాడు. ఒక్కో లైనూ, ఆఖరుదాకా. తీర్పు మావైపు వచ్చింది, అతని కొలువు పోయింది. బయటికొచ్చి మిర్చీలు తింటూ, "ఇగ సల్లబడ్డవా అక్కా?" అనడిగాను. "లేదే. గామె చేతులు మళ్ల రావు గద" అంది.

అక్కను పూడ్చే రోజు సమాధుల తోటకు ఆ మేనేజర్ గులాబీల దండ తెచ్చాడు. "రానియ్యమ్మా, సావుకు వచ్చిండు" అన్నాడు బావ. నేను గేటు మూసి అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్కసారి మొఖం చూసి పోత" అన్నాడు.

"చూడొద్దు సార్. ఆ హక్కు నీకు లేదు."

చేతులు కాలినామె వచ్చి నా పక్కన నిలబడింది. అతను ఆమెను చూసి తల దించుకున్నాడు. తప్పు చేశానని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.

దండను బండి హ్యాండిల్‌కు తగిలించుకొని వెళ్లిపోయాడు. ముందు ఒక బొగ్గు లారీ పోతోంది. దాని దుమ్ములో గులాబీ రెక్కలు ఒక్కొక్కటే రాలుతూ, కింద పడకముందే నల్లబడుతూ, మలుపుదాకా కనిపించాయి.