అక్కకు మాత్రమే చెప్పిన మాట

మా ఆయన రైలింజన్ నడిపేవారు. మేముండేది హిందీ మాట్లాడే ఊళ్లో, తెలుగువాళ్లు చాలామంది ఉన్న రైల్వే కాలనీలో. ఆయన చూపు మసకబారుతోందని నాకొక్కదానికే తెలుసు. ఇంజన్‌లో పక్కనుండే అసిస్టెంట్ సిగ్నల్ రంగు పైకి చెబితే గానీ ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. డాక్టరు దగ్గరకు వెళదామంటే, "రిటైరయ్యే దాకా ఓపిక పట్టు" అనేవారు. ఆయన డ్యూటీకి వెళితే తిరిగొచ్చే వరకూ నాకు ముద్ద దిగేది కాదు.

ఆ భయం మోయలేక ఒక మధ్యాహ్నం పలాసలో ఉన్న అక్కకు ఇంటర్నెట్ కాల్ చేశాను. అందుకోసం ఫోన్‌లో ఒక ఉచిత యాప్ పెట్టుకున్నాను. అది అడిగినవాటన్నింటికీ చదవకుండానే సరే అని నొక్కాను.

"ఏటే, గొంతు అలాగుంది?" అంది అక్క.

"ఆయనకి ఎర్రదీపం, పచ్చదీపం తేడా తెలీట్లేదే. ఎవరికీ చెప్పకు."

అక్క చెప్పలేదు. యాప్ ప్రతి కాల్‌నూ రికార్డు చేసి నా ఖాతాలో దాచేదట. కాలనీ మహిళా సంఘం కంప్యూటర్‌లో ఒకసారి మీటింగ్ కోసం అదే ఖాతా తెరిచి, మూయకుండా వచ్చేశాను. నా తర్వాత కూర్చున్నవారెవరో విన్నారు. వారం తిరక్కుండా నా ఏడుపు కాలనీ గ్రూపుల్లోకి ఎక్కింది.

డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో ఎవరో ఆయనకు వినిపించారు. ఆయన ఇంటికొచ్చి ఫోన్ నా ముందు పెట్టారు.

"నీ గొంతే కదేటి?"

తలూపాను.

"నాతో చెప్పుకుంటే వినేవాణ్ణి కానా?"

"ఎన్నిసార్లు చెప్పానండీ! విన్నారేటి?"



మర్నాడు కాలనీకి దగ్గర్లోని తిఫ్రా బజారులో ఫోన్ షాపుకు పరుగెత్తాను. షాపతను ఖాతా తుడిచేశాడు గానీ, "దీదీ, బయటికి పోయింది ఇక మన చేతిలో లేదు" అన్నాడు. ఇంటింటికీ తిరిగి ఆ రికార్డింగ్ తీసేయమని చేతులు జోడించాను. ఒకావిడ "అచ్ఛా, తీసేస్తాన్లే" అని తలుపేసుకుంది. మెట్లు దిగుతుంటే లోపలినుంచి నా గొంతే వినబడింది. 

ఆ రికార్డింగ్ పైఅధికారుల దాకా వెళ్లి, ఆయన్ని కంటి పరీక్షకు పిలిచారు. కంటి నరం దెబ్బతింది, పోయిన చూపు రాదు, ముందే రావాల్సింది అన్నారు డాక్టర్లు. ఇంజన్ నుంచి తప్పించి ఇంజన్ల షెడ్డు ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇప్పుడు అన్నం పెడితే తింటారు. నేను ఫోన్ ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతారు.

ఒక మాట ఆయనకు ఎప్పటికీ చెప్పలేను. ఆయన ఇంజన్ దిగిన రోజు, ఎన్నో నెలల తర్వాత, నేను కడుపునిండా తిన్నాను.